చెరకు తోటల మధ్య నెల్లూరు సంఘం

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి సముద్రం వెంట ఉత్తరంగా డెబ్బై కిలోమీటర్లు పోతే క్వాడుకూజా వస్తుంది. ఒకప్పుడు దాని పేరు స్టాంగర్. దారి పొడవునా కుడిచేతి వైపు హిందూ మహాసముద్రం, ఎడమచేతి వైపు గుట్టలన్నీ కప్పేస్తూ చెరకు. కోతకు ముందు తోటకు నిప్పు పెట్టి ఆకు కాల్చేస్తారు, ఆ తర్వాతే గడ నరుకుతారు. ఆ నుసి గాలికి లేచి ఊళ్లో ఆరేసిన బట్టల మీద నల్లగా రాలుతుంది. క్వాడుకూజా దగ్గర లోపలికి మళ్లితే కియర్స్‌నీ. అక్కడ చూడ్డానికి పెద్ద కట్టడాలేమీ లేవు. అయినా తెలుగు క్రైస్తవులు జీవితంలో ఒక్కసారైనా వెళ్లి నిలబడాల్సిన నేల అది అంటాను నేను.

1903లో జాన్ రంగయ్య అనే నెల్లూరు బోధకుడు కుటుంబంతో ఓడెక్కి ఈ నేటాల్ గడ్డకు వచ్చారు. ఆయన్ను పంపింది అమెరికా మిషన్ కాదు. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ. అంటే మన పల్లెల్లో, పేటల్లో కానుక సంచిలో పడిన కానీలూ అణాలూ. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని మొదలైంది 1840లో. అరవై మూడేళ్లు తిరిగేసరికి ఆ నెల్లూరే తన మనిషిని సముద్రం దాటించింది. మన సంఘాల చరిత్రలో ఇంత గొప్ప ఘట్టం ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు గానీ, మన సండే స్కూలు పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ.

ఆయన వచ్చిన ఏడాదే కియర్స్‌నీ తేయాకు ఎస్టేటులో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆ ఎస్టేటు లీజ్ హ్యూలెట్ అనే దొరది. తేయాకు పోయి చాలా కాలమైంది, హ్యూలెట్ పేరు మాత్రం చక్కెరతో కలిసి ఆ దేశమంతా నిలిచింది. రంగయ్య 1915లో కన్నుమూసేదాకా తోట నుంచి తోటకు తిరుగుతూ సంఘాలు కట్టారు. ఆయన రాకముందే ఇక్కడ విశ్వాసులున్నారన్నది మరవకూడదు. మన జిల్లాల్లో బాప్తిస్మం పొంది, కూలి ఒప్పందం మీద వచ్చిన వాళ్లు పొద్దంతా తోటల్లో వంగి పనిచేసి, రాత్రి కూలీ లైన్లలో కూడి ప్రార్థన చేసుకున్నారు. మాకో కాపరిని పంపండని నెల్లూరును అడిగిందీ వాళ్లే.

మా సంఘం బృందం అక్కడికి బయల్దేరుతుంటే ఒక పెద్దాయన అడిగారు: "సువార్తకు వెళ్తున్నారా, షికారుకా?" మిషన్ ట్రిప్ అనగానే మన దగ్గర ఈ ప్రశ్న తప్పదు. జెరూసలేం యాత్రకు ఎవరూ అలా అడగరు. యాత్ర అంటేనే చూడ్డం. సేవకు వెళ్లినవాళ్లు మాత్రం ఒక పూట ఊరు చూశారంటే అది దేవుని సొమ్ము దుబారా చేసినట్టు మాట్లాడతారు. ఆ పెద్దాయన మీద నాకు గౌరవం. కానీ ఈ విషయంలో నా మాట ఇదీ: వెళ్లిన నేల మీద ఎవరు ఏడ్చారో, ఎవరు పాడారో, ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో చూడకుండా అక్కడ వాక్యం చెప్పడానికి నిలబడకూడదు. చూడ్డం సేవలో సగం.

మా కార్యక్రమం మామూలుదే. సెలవుల్లో పిల్లలకు బైబిలు తరగతులు, ఆస్పత్రి పరామర్శలు, 2022 ఏప్రిల్ వరదల్లో ఇళ్లు పోగొట్టుకున్న వాళ్లు రేకుల షెడ్లలో ఉంటున్న చోట వంట. ఆ వరదల్లో క్వాజులు-నేటాల్‌లో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. పెద్ద గిన్నెలో పప్పు కలుపుతుంటే జులూ పిల్లలు వరసలో నిలబడి పాటందుకునేవారు. వాద్యం లేదు, మైకు లేదు. ఒక పిల్ల ఎత్తుకుంటే మిగతావాళ్లు మూడు నాలుగు శ్రుతుల్లో అందుకుంటారు. ఎవరు నేర్పారని అడిగితే, ఇదెవరైనా నేర్పాలా అన్నట్టు చూశారు.

మాకు ఆతిథ్యమిచ్చిన ఇంట్లో ఒక ముసలావిడ ఉన్నారు. అందరూ ఆంటీ అనే పిలుస్తారు. ఆవిడ పెట్టెలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక జెరాక్సు కాగితం తీసి చూపించారు. వాళ్ల అమ్మమ్మ వచ్చిన ఓడ జాబితాలోని పేజీ అది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో ట్రూరో అనే తొలి కూలీ ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా కూలీలు ఇలా వచ్చారు. ప్రతి మనిషికీ ఒక నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఆంటీ వేలు పెట్టి చూపిన గడిలో ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ అని ఉంది. "ఆ మచ్చ నాకు తెలుసు. చిన్నప్పుడు నన్నెత్తుకుంటే దాని మీద తల పెట్టుకునేదాన్ని," అన్నారు ఇంగ్లిషులో. ఆవిడకు తెలుగు మాట్లాడ్డం రాదు. అన్నం తిన్నాక మాత్రం ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి మొదలుపెట్టి చరణాలన్నీ తప్పు లేకుండా పాడేశారు. పుస్తకం చూడలేదు. చూసినా ఆ లిపి చదవలేరు.

ఆ కూలీలకు మొదటేడు నెల జీతం పది షిల్లింగులు. ఐదేళ్ల ఒప్పందం ముగిశాక ఇక్కడే ఉండిపోతామంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టమని 1895లో చట్టం చేశారు. అది 1914 దాకా నడిచింది. రంగయ్య సంఘాలు కట్టిన కాలం దాదాపు అదే. కడుపు కట్టుకుని పన్ను కట్టిన చేతులే ఆదివారం కానుకా వేశాయి. ఆ సంగతి తెలిశాక మా బృందం కానుకల గురించి ప్రసంగం చేయాలనుకున్న రోజున దాన్ని మానేసి, ఆంటీని సాక్ష్యం చెప్పమన్నాం.

గ్రౌట్‌విల్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. క్వాడుకూజాకు దగ్గర్లోనే ఉంది. ఆల్డిన్ గ్రౌట్ అనే అమెరికన్ మిషనరీ పేరు మీద వెలిసిన ఊరు. ఆల్బర్ట్ లుతూలీ ఇల్లు అక్కడే, ఇప్పుడది మ్యూజియం. ఆయన బడి పంతులు, చెరకు రైతు, కాంగ్రెగేషనల్ చర్చిలో ప్రసంగించే సామాన్య విశ్వాసి, ఆ ఊరి చీఫ్. 1952లో ప్రభుత్వం చీఫ్ పదవి కావాలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కావాలో తేల్చుకోమంది. ఆయన దేన్నీ వదలనన్నారు. పదవి తీసేశారు. అప్పుడు ఆయన విడుదల చేసిన ప్రకటనకు పెట్టుకున్న శీర్షిక, స్వేచ్ఛకు దారి సిలువ మీదుగా అని. 1960 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి తీసుకోవడానికి ఓస్లో వెళ్లొచ్చి, మళ్లీ ఈ ప్రాంతం దాటకూడదన్న నిషేధంలోనే బతికారు. 1967లో రైలు ఢీకొని చనిపోయారని అప్పటి సర్కారు చెప్పింది. కుటుంబం ఆ మాట నమ్మలేదు.

ఆ ఇంట్లో గైడు చెప్పిన సంగతుల్లో మమ్మల్ని కదిలించింది వేరే ఉంది. 1938లో లుతూలీ మన మద్రాసు వచ్చారు. తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ప్రతినిధిగా. నేటాల్ నుంచి మనవైపు వచ్చినవాడు తిరిగి వెళ్లి తన జనం కోసం సిలువ మోశాడు. మనవైపు నుంచి నేటాల్ వచ్చినవాడు కూలీ లైన్లలో తిరిగి తిరిగి ఇక్కడే కన్నుమూశాడు. రంగయ్య కియర్స్‌నీకి, లుతూలీ గ్రౌట్‌విల్‌కి మధ్య దూరం కారులో అరగంట లేదు. చర్చి ఆవరణలో లుతూలీ సమాధి దగ్గర మా పాస్టర్ గారు ప్రార్థన చేయబోయి, ఏమనుకున్నారో, మానేసి తలవంచుకుని నిలబడ్డారు. మేమూ అంతే.

ఆ చుట్టుపక్కల చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. క్వాడుకూజాలో జులూ రాజు షాకా స్మారకం ఉంది, 1828లో తమ్ముళ్ల చేతిలోనే ఆయన హతమైంది ఇక్కడే. డర్బన్ పక్కనే ఇనాండాలో గాంధీ 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమం ఉంది. అక్కడికి దగ్గర్లోనే జాన్ డూబే స్థాపించిన ఓలాంగే పాఠశాల, 1994లో మండేలా తొలి ఓటు వేసిన చోటు. నగరంలో విక్టోరియా స్ట్రీట్ మార్కెట్లో కారం పొడులు గుట్టలుగా పోసి అమ్ముతారు, ఘాటుకు దుకాణం బయటే దగ్గు వస్తుంది. ఇక బీచ్. పొద్దున్నే ఇసుకలో నడుస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో! తెల్లవాళ్లకు తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదని వర్ణవివక్ష రోజుల్లో బోర్డులు పెట్టింది ఈ ఇసుకలోనే. ఇప్పుడు అక్కడ జులూ అమ్మమ్మలు మనవల్ని పట్టుకుని అలల్లో కాళ్లు తడుపుకుంటున్నారు.

ఫీనిక్స్ పేరుకు ఇంకో గుర్తూ ఉంది, దాన్నీ దాటవేయకూడదు. ఆశ్రమానికి ఆనుకుని ఆ పేరుతోనే భారత సంతతి వాళ్లుండే పెద్ద టౌన్‌షిప్ ఉంది. 2021 జులై అల్లర్లలో అక్కడ ముప్పై మందికి పైగా నల్లజాతివాళ్లు హత్యకు గురయ్యారు. ఇండియా నుంచి వచ్చాం, ప్రేమ సువార్త తెచ్చాం అని జులూ సంఘంలో నిలబడి చెప్పేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకుని నిలబడాలి. అక్కడి పాస్టర్లు దీన్ని దాచలేదు. భారత సంతతి సంఘాలూ జులూ సంఘాలూ కలిసి కూడుకునే ప్రార్థనలు జరుగుతున్నాయని, కొన్ని ఇళ్లకు ఇంకా వెళ్లలేకపోతున్నామని చెప్పారు.

నన్ను మార్చిన గురువారం సంగతికొస్తాను. దక్షిణాఫ్రికా నల్లజాతి స్త్రీల ప్రార్థన కూటాన్ని మన్యానో అంటారు. గురువారం మధ్యాహ్నం కూడుకుంటారు, ఎందుకంటే తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఒకప్పుడు సెలవు దొరికిన పూట అదే. మెథడిస్టు స్త్రీలైతే ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, తెల్ల టోపీ, నల్ల పావడా. ఇస్త్రీ మడత చెదరకుండా వేసుకొస్తారు. ఆ యూనిఫారంతోనే సిమెంటు గచ్చు మీద మోకాళ్లూనుతారు. అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. కాసేపటికి ఆ హోరు దానంతటదే సద్దుమణిగి పాటవుతుంది.

కూటం మధ్యలో ఒక్కొక్కరూ ఒక పేరు చెప్తున్నారు. జైల్లో ఉన్న కొడుకు పేరు, గని పనికి పోయి తిరిగిరాని భర్త పేరు. నా వంతు వచ్చేసరికి, నా పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచి "నీ పేరెవరిది?" అంది. ఇంటి పంపకాల దగ్గర మాటలు తెగిపోయిన మా అన్నయ్య పేరు నోట్లోంచి వచ్చేసింది. ఇన్నేళ్లలో మా సంఘంలో ఎన్నడూ చెప్పని పేరు. ఆ స్త్రీలు దాన్ని వాళ్ల యాసలో వంకర్లు తిప్పుతూ, ఎప్పటినుంచో ఎరిగున్నవాడి పేరులా దేవుడి ముందు పదే పదే పెట్టారు. దర్శనం రాలేదు, కళ్లు తిరగలేదు. ఆ రాత్రి అన్నయ్యకు ఫోన్ చేశాను. మాట్లాడింది నెల్లూరులో వానల గురించే. చివర్లో మాత్రం, "అక్కడ చలిగా ఉంటుందంట కదా, స్వెట్టర్ తీసుకెళ్లావా?" అని అడిగాడు.

ఆత్మీయంగా ఎదగడమంటే ఇంకా ఎక్కువ వాక్యం చెప్పగలగడం అనుకునేవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు కాదు. ప్రార్థనలో ఒక మనిషి పేరు పెట్టి, ఆ పేరుకు నేను బాధ్యత పడాలని ఆ గచ్చు మీదే నేర్చుకున్నాను. ఇప్పుడు మా స్త్రీల కూటంలోనూ పేర్లు చెప్పుకుంటున్నాం. మొదట్లో మొహమాటపడ్డారు, ఇప్పుడు సమయం చాలడం లేదు.

వచ్చే ఏడాది మేము వెళ్లడం లేదు. వాళ్లే వస్తున్నారు, ఆంటీ మనవరాలితో కలిసి ఒక బృందం. మన పిల్లలకు ఆ నాలుగు శ్రుతుల పాట నేర్పమని అడిగాం. వాళ్లు చూడాలని రాసి పంపిన చోట్లలో ఒంగోలు ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న జ్యూయెట్ మిషనరీ దంపతులు తెలుగు విశ్వాసులతో కలిసి ప్రార్థించిన కొండ అది. రంగయ్య నెల్లూరు ఉంది. ఓడ జాబితాలోని ఆ ఊరూ ఉంది. తాలూకాల సరిహద్దులు మారిపోయాయి కాబట్టి అది ఇప్పుడు ఏ మండలంలో ఉందో రెవెన్యూ ఆఫీసులో కనుక్కోవాలి. ఎండలు ముదరకముందే, సంక్రాంతి కాగానే రమ్మని ఉత్తరం రాశాం.