ఉన్న వాద్యము, కోరిన వాద్యము

వీణ వాయించువారిద్దరు కలిసికొన్నచో, సంభాషణము ఎక్కడ ప్రారంభమైనను కొంతసేపటికి సంగీతమును విడిచి వీణమీదికి మరలును. బొబ్బిలిదా, తంజావూరిదా? ఒకే పనసమ్రానినుండి తొలిచినదా, అతికినదా? మెట్ల క్రింది మైనము ఎండకు నిలుచుచున్నదా? వాయించుట ఒక సుఖము. వాయించు వస్తువును గూర్చి ముచ్చటించుట మఱియొక సుఖము. ఈ రెండవ సుఖమును పరాకాష్ఠకు చేర్చిన రసికులు నేడు పాశ్చాత్యదేశములలోను జపానులోను పెక్కురు కలరు. వారి వీణ పేరు అనలాగ్ సింథసైజర్.

బెర్లిన్ నగరమున 2016వ సంవత్సరమున మొదలైన సూపర్‌బూత్ అను వాద్యప్రదర్శనమునకు వీరు దేశదేశములనుండి వత్తురు. ఇద్దరు ఎదురైనచో, మనవారు ఊరును ఇంటిపేరును అడిగినట్లు, మొదటి ప్రశ్న "మీయొద్ద ఏమున్నది?" అని, రెండవది "ఏది కావలెనని యున్నది?" అని. మొదటిదానికి సమాధానము గర్వముతో వచ్చును, రెండవదానికి నిట్టూర్పుతో వచ్చును. ఇంట పది యున్నను మనసు పదునొకండవదానిమీద నుండును. ఇది యొక రోగమని వారే పేరుపెట్టి, తమను జూచి తామే నవ్వుకొందురు.

ఇంత మోహము గొలుపు వస్తువేమిటో తెలియవలెను. తంబురలో తీగ కదలును. వేణువులో గాలి కదలును. సింథసైజరులో కదలునది విద్యుత్తు. విద్యుత్పీడనము, అనగా వోల్టేజి, సెకనునకు ఇన్నిమారులని హెచ్చి తగ్గుచుండగా, ఆ హెచ్చుతగ్గులే స్పీకరు పొరను కదలించి నాదమగును. అల రంపపు పండ్లవలె నున్నచో నాదము నిండుగా, కరకుగా నుండును. చతురస్రముగా నున్నచో బోలుగా వినవచ్చును. పిమ్మట ఫిల్టరు అను జల్లెడ యొకటి కలదు. అది మూలస్వరముతోపాటు పలుకు పైస్వరములను కొన్నింటిని ఆపి, కొన్నింటిని విడుచును. దాని మరను త్రిప్పుచుండగా ఎవరో "ఊ" అని మొదలుపెట్టి "ఆ" అని నోరు తెఱచినట్లుండును. నాదపు అలకు విద్యుత్తులోని అల సరియైన ప్రతిరూపము గనుక దీనిని అనలాగ్ అనిరి. నాదమును అంకెలుగా మార్చి లెక్కగట్టు డిజిటల్ పద్ధతి వేరు. ఆ వేరేమిటన్నదే రసికుల నిత్యవివాదము.

బాల్యమునుండి థెరమిన్ అను విద్యుద్వాద్యమును తయారుచేయుచుండిన రాబర్ట్ మోగ్ అను అమెరికా ఇంజనీరు, 1964లో హెర్బర్ట్ డాయిచ్ అను సంగీతకర్త తోడ్పాటుతో తన సింథసైజరును రూపొందించెను. న్యూయార్క్ రాష్ట్రములోని ట్రూమన్స్‌బర్గ్ అను చిన్న యూరిలో ఆయన కార్ఖానా యుండెను. ఆయన చేసిన ముఖ్యమైన పని యేమనగా, వోల్టేజిచేతనే వోల్టేజిని శాసింపజేయుట. ఒక్క వోల్టు హెచ్చించినచో స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవును, మంద్రషడ్జము మధ్యషడ్జమగును. అదే కాలమున పశ్చిమతీరమున డాన్ బుక్లా అను మఱియొకడు ఇట్టి యంత్రమునే వేరుగా నిర్మించెను. పియానో మెట్లు పెట్టినచో జనులు పాతపాటలే వాయింతురని ఆయన వానిని పెట్టక, వ్రేలితో తాకు పలకలు అమర్చెను. మోగు సంప్రదాయము, బుక్లా సంప్రదాయము అని రసికులు నేటికిని రెండు మతములుగా చీలియున్నారు. 1968లో వెండీ కార్లోస్ మోగు వాద్యముమీద బాక్ స్వరకల్పనలను వాయించి వెలువరించిన రికార్డు లోకమును ఆశ్చర్యపరచెను. నాటి యంత్రము ఒకమారు ఒక స్వరమునే పలుకును. కావున ఒక్కొక్క వరుసను వేఱువేఱుగా వాయించి, టేపుపై పొరలు పొరలుగా పేర్చవలసివచ్చెను.

తొలి యంత్రములు బీరువాలంత యుండెను. 1970లో వచ్చిన మినీమోగు వానిని చంకనిడుకొని పోగలిగినంతగా తగ్గించెను. దాని వెల సుమారు 1,500 డాలర్లు. 1981 వరకు అవి పండ్రెండువేలకు పైగా తయారైనవి. రసికులు దాని నాదమును "లావైనది" అందురు. ఆ లావునకు కొంత కారణము, లోపలి స్వరమిశ్రణ భాగమునుండి జల్లెడకు పోవు విద్యుత్సంకేతము ఉద్దేశించినదానికంటె బలముగా పోవుటయట. లెక్కలోని పొరపాటు నాదములో గుణమైనది. అంతేకాదు, ట్రాన్సిస్టర్లు ఉష్ణమునకు చలించునవి. తొలినాటి మినీమోగు గది వేడెక్కినకొలది శ్రుతి తప్పును. కచేరీకి ముందు దానిని కొంతసేపు వెలిగించియుంచి, వేడెక్కిన పిదప శ్రుతి చేయవలెను. తంబుర సవరించుకొను గాయకుని ఓర్పు దీనికిని కావలసినదే. యమహా వారి సీయస్-80 అను వాద్యము మిక్కిలి బరువు; శ్రుతి నిలుపుటలో పేచీకోరు. అయినను వాంజెలిస్ 1982లో ఒక చలనచిత్రమునకు దానిమీద వాయించిన నాదమును విన్నవారు ఆ బరువును మఱచిపోయి దానినే కోరుదురు.

1983లో యమహా వారి డీయెక్స్-7 వచ్చెను. అది డిజిటల్, ఎండకు చలించదు, వానకు చలించదు. పాత అనలాగ్ వాద్యములు తాకట్టుదుకాణముల పాలైనవి. నేటి కథ యంతయు ఆ దుకాణములలోనే మొదలైనదని చెప్పవచ్చును.

జపానులోని రోలాండ్ సంస్థవారు 1981లో టీబీ-303 అను చిన్న వెండిరంగు పెట్టెను విడుదల చేసిరి. గిటారు అభ్యసించువానికి ప్రక్కన బేస్ గిటారు వాయించు తోడు లేని కొరత తీర్చుట దాని యుద్దేశము. ఆ పనికి అది సరిపోలేదు. దాని ధ్వని బేస్ గిటారువలె లేదు. సుమారు పదివేలు తయారుచేసి 1984లో ఆపివేసిరి. అందువలన అది మిక్కిలి చవుకకు దొరకెను. షికాగో నగరములో ఫ్యూచర్ అను బృందముగా ఏర్పడిన యువకులు దానిని సంపాదించి, చేయరానిదేదో చేయుచు దాని మరలను వాయించుచుండగానే త్రిప్పిరి. కీచుమని, జారుచు, మూలుగుచు వెడలిన ఆ ధ్వని 1987లో "ఆసిడ్ ట్రాక్స్" అను రికార్డుగా వచ్చి, ఒక నూతన నృత్యసంగీతమునకు పేరు పెట్టెను. దానితో పెట్టె వెల పెరిగెను. నేడు దానికి వేలకొలది డాలర్లు కావలెను.

ఇక్కడనే వారి సంభాషణములలో నవ్వు తగ్గి కోపము ప్రవేశించును. చేతిలో డబ్బు లేని కుఱ్ఱవాండ్రవలన ప్రసిద్ధికి వచ్చిన వాద్యము, నేడు చేతిలో డబ్బు లేని కుఱ్ఱవానికి అందదు. అద్దాల బీరువాలో దీపము పెట్టి చూచుకొనువాని యింట అది యుండును. అతడు దానిని ప్రేమింపడని యనరాదు. తుడుచును, మరమ్మతు చేయించును, వంశవృక్షము చెప్పును. వాయించుట మాత్రము తక్కువ. మోగు సంస్థవారు 2016లో మినీమోగును తిరిగి తయారుచేసినపుడు వెల మూడువేల డాలర్లకు పైబడెను. కొలదికాలములోనే బెరింగర్ సంస్థ దాదాపు అదే నిర్మాణముతో చిన్నపెట్టెను సుమారు మూడువందల డాలర్లకు అమ్మసాగెను. పేటెంటు గడువు ఎన్నడో తీరినది గనుక చట్టము అడ్డురాలేదు. ఒకరి కష్టమును ఒకరు నకలు చేయుట న్యాయమా యని ఒక పక్షము. పదిరెట్లు వెలపెట్టలేనివాడు మూగగా నుండవలెనా యని వేఱొక పక్షము. రెండవ పక్షమువారి మాటలో ఆకలి యున్నది. దానిని త్రోసివేయుట కష్టము.

మఱియొక భయము కాలమువలన కలిగినది. పాతవాద్యములలోని కెపాసిటర్లు ఎండిపోవును. డగ్ కర్టిస్ రూపొందించిన చిప్పులు చెడినచో కొత్తవి లేక, ఒక వాద్యమును కోసి మఱియొకదానిని బ్రదికించిన దినములు కలవు. 2016లో వానిలో ముఖ్యమైన 3340 అను చిప్పును మరల తయారుచేసినపుడు రసికుల ఆనందమునకు మేర లేదు. రోలాండ్ వారి టీఆర్-808 తాళయంత్రమున వాడినవి కొన్ని దోషముగల ట్రాన్సిస్టర్లట. కార్ఖానాలు మెఱుగుపడి అట్టి దోషము దొరకుట మానగా ఆ యంత్రమే ఆగిపోయెను.

ఈ చరిత్రలో భారతదేశమునకు చోటు లేదని అనేకులు తలచుచుండిరి. 1969లో డేవిడ్ ట్యూడర్ అను అమెరికా సంగీతజ్ఞుడు అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఒక మోగు సింథసైజరును చేర్చి, స్టూడియో నెలకొల్పుటలో తోడ్పడెను. గీతా సారాభాయి మున్నగువారు అచట 1972 వరకు నాదప్రయోగములు చేసిరి. జాన్ కేజ్‌కు 1940 దశకములో భారతసంగీతమును బోధించినది ఈ గీతా సారాభాయియే. ఆ టేపులు సంస్థ భాండారములో దశాబ్దములు పడియుండి, పాల్ పుర్గస్ పరిశోధనవలన బయటపడి, 2023లో రికార్డుగా వెలువడెను. వాద్యమున్నది, వాయించినవారున్నారు, వినువారు మాత్రము యాబది యేండ్లు ఆలస్యముగా వచ్చిరి.

బొంబాయిలో హిందీ సినీవాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ కథయు ఇట్టిదే. ఆయన 1982లో టీబీ-303ను, టీఆర్-808ను, రోలాండ్ వారిదే జూపిటర్-8ను ఒకచోట చేర్చి, డిస్కో తాళమునకు పది రాగములు వాయించి రికార్డు చేసెను. వానిలో భూపాలి మన మోహనము, యమన్ మన కల్యాణి, మాల్కోన్స్ మన హిందోళము. టీబీ-303లో ఒక స్వరమునుండి మఱియొకదానికి జారునట్లు చేయు ఏర్పాటు కలదు. మెట్లవాద్యములలో సామాన్యముగా దొరకనిది, మన గమకములలోని జారునకు సన్నిహితమైనది. షికాగో యువకుల రికార్డుకంటె అయిదేండ్లు ముందుగా అదే పెట్టె ఆయన చేతిలో హిందోళమును పలికెను. నాడు ఆ రికార్డును కొన్నవారు కొలదిమంది. 2010లో అది హాలెండులో మరల వెలువడినపుడు దేశదేశముల రసికులు తేదీని ఒకటికి రెండుమారులు చూచుకొనిరి. డెబ్బదియవ పడిలో ఆయనను ఐరోపాకు పిలిపించి వేదికలెక్కించిరి. 2015లో ఆయన బొంబాయిలో మరణించెను.