వీసా కాగితంలో ఏమున్నది?



దోమ నుంచి పరిగి పోవాలంటే ఏం కావాలి? బస్సు ఎక్కితే చాలు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు మనకు జీరో టికెట్ ఇస్తాడు. బొంబాయి పోవాలంటే? రైలు టికెట్ కావాలి. మన దిక్కు నుంచి ఎంతోమంది కూలి పనికి బొంబాయి, పూణే పోయి వస్తుంటారు. "ఎందుకొచ్చినవ్? ఎన్ని దినాలు ఉంటవ్?" అని అక్కడ ఏ సర్కారూ అడగదు. ఎందుకంటే బొంబాయి కూడా మన దేశమే.

దుబాయి, కువైట్, సౌదీ అట్లా కావు. అవి వేరే దేశాలు. అక్కడ మనం పరాయివాళ్లం. చేతిలో టికెట్ ఒక్కటే ఉంటే లోపలికి రానివ్వరు. పాస్‌పోర్టు కావాలి. వీసా కావాలి.

ఈ రెండు మాటలు మనం చాలాసార్లు విన్నాం. కానీ వాటిలో ఏం రాసి ఉంటుందో చూసినవాళ్లు తక్కువ. చూడక సంతకం పెట్టి, పైసలు కట్టి, మోసపోయినవాళ్లు ఎక్కువ. అందుకే ఈ పాఠం.

రెండు ప్రశ్నలు

మన ఇంటికి ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకోండి. మనం ఏమడుగుతాం?

"ఎవరు నువ్వు?"

"ఎందుకొచ్చినవ్?"

ఈ రెండు అడిగిన తర్వాతనే లోపలికి రమ్మంటాం. దేశాలు కూడా అంతే. "ఎవరు నువ్వు?" అనే ప్రశ్నకు జవాబు పాస్‌పోర్టు. "ఎందుకొచ్చినవ్? ఎన్ని రోజులుంటవ్?" అనే ప్రశ్నకు జవాబు వీసా.

పాస్‌పోర్టును మన దేశం ఇస్తుంది. వీసాను మనం పోయే దేశం ఇస్తుంది. ఏజెంటు ఈ రెండింటిలో ఏదీ ఇవ్వలేడు. కాగితం తెచ్చి చేతికి ఇస్తాడు, అంతే. "వీసా నేనే ఇస్తా" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

మన దేశానికి వచ్చేవాళ్లకు కూడా ఇదే పద్ధతి. చార్మినార్ చూడటానికి వచ్చే విదేశీయులకు పాస్‌పోర్టు, వీసా ఉండాలి. హైదరాబాదు దవాఖానాలకు వైద్యం కోసం వచ్చేవాళ్లకు వైద్యం వీసా ఇస్తారు. చూడటానికి వచ్చినవాళ్లు ఇక్కడ నౌకరి చేయరాదు. నేపాల్, భూటాన్ ప్రజలకు మాత్రం మన దేశానికి రావడానికి వీసా అక్కర లేదు. మనం నేపాల్ పోవాలన్నా వీసా అక్కర లేదు. ఓటరు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు.

పాత కాలంలో ఇంత పట్టింపు లేదు. మన తెలుగువాళ్లు వేలమంది ఓడ ఎక్కి రంగం పోయేవాళ్లు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అప్పుడు బర్మా, మన దేశం ఒకే ఇంగ్లీషు సర్కారు కింద ఉండేవి. 1937లో బర్మాను వేరు చేశారు. సరిహద్దు గీత పడితే కాగితం అవసరం కూడా పుడుతుంది.

పాస్‌పోర్టు తీసుకోవడం

పాస్‌పోర్టు చిన్న పుస్తకం. అందులో మన ఫొటో, పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఒక నంబరు ఉంటుంది. మొదట ఒక ఇంగ్లీషు అక్షరం, దాని తర్వాత 7 అంకెలు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు 10 ఏండ్లు పనిచేస్తుంది. అయితే ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉంటేనే చాలా దేశాలు రానిస్తాయి.

36 పేజీల పాస్‌పోర్టుకు సర్కారు ఫీజు 1500 రూపాయలు. తొందరగా కావాలంటే, అంటే తత్కాల్ అయితే, ఇంకో 2000 కట్టాలి. దరఖాస్తును కంప్యూటర్‌లో నింపాలి. వాళ్లు చెప్పిన రోజు పాస్‌పోర్టు సేవా కేంద్రానికి మనమే పోవాలి. అక్కడ ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. తర్వాత పోలీసులు విచారణ చేస్తారు. దానికి పైసలు ఇవ్వనక్కర లేదు.

వేలిముద్ర వేసినవాళ్లకు కూడా పాస్‌పోర్టు ఇస్తారు. కానీ మీరు ఇప్పుడు సంతకం నేర్చుకున్నారు. సంతకమే పెట్టండి.

వయసు విషయంలో జాగ్రత్త. "ఆధార్ల ఐదేండ్లు ఎక్కువ రాయిస్తా, పని అయితది" అని కొందరు చెబుతారు. అబద్ధం చెప్పి పాస్‌పోర్టు తీసుకోవడం నేరం. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం రెండేండ్ల దాకా జైలు పడవచ్చు. ఏజెంటు పైసలు తీసుకొని పోతాడు. కేసు మన మీద పడుతుంది.

ఇంకొక మాట. పాస్‌పోర్టు మన చేతిలో ఉన్నా, అది భారత ప్రభుత్వం ఆస్తి. దాన్ని కుదువ పెట్టరాదు. అప్పు కింద ఎవరూ పట్టుకొని ఉంచుకోరాదు.

వీసాలో చూడవలసిన నాలుగు సంగతులు

వీసా తెలుగులో ఉండదు. గల్ఫ్ దేశాల వీసా అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. "మాకు ఇప్పుడిప్పుడే తెలుగు వచ్చింది, అది ఎట్లా చదువుతాం?" అనుకోకండి. మీకు అంకెలు వచ్చు. అంకెలతోనే సగం పని అవుతుంది.

ఒకటి: నంబరు. పాస్‌పోర్టు, వీసా పక్కపక్కన పెట్టండి. పాస్‌పోర్టు నంబరు వీసా మీద కూడా ఉండాలి. ఒక్కొక్క అంకె సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా విమానాశ్రయంలో ఆపుతారు.

రెండు: తేదీలు. ఏ తేదీ లోపల ఆ దేశంలో దిగాలి? దిగిన తర్వాత ఎన్ని రోజులు ఉండవచ్చు? ఈ రెండూ వేరువేరు. 30 లేదా 60 రోజులని రాసి ఉంటే అది పని వీసానో కాదో అడిగి తెలుసుకోండి.

మూడు: ఎందుకు పోతున్నాం? ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో పదో తరగతి పిల్లో పిల్లగాడో ఉంటే చదవమనండి. విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే, చూసి రావడానికి మాత్రమే. డొమెస్టిక్ వర్కర్ అంటే ఇంటి పనికి. ఎంప్లాయ్‌మెంట్ అంటే నౌకరికి. హజ్, ఉమ్రా వీసా యాత్రకు మాత్రమే. దాని మీద పని చేయరాదు.

నాలుగు: ఎవరి పేరు మీద? గల్ఫ్‌లో పని వీసాకు ఒక యజమాని ఉంటాడు. అతన్ని కఫీల్ అంటారు. అతని పేరో, కంపెనీ పేరో వీసా మీద ఉంటుంది. ఏజెంటు చెప్పిన పేరు, వీసా మీద పేరు ఒకటేనా? "ఆజాద్ వీసా, ఎక్కడన్నా పని చేసుకోవచ్చు" అంటే నమ్మకండి. ఒక కఫీల్ పేరు మీద పోయి ఇంకొకరి దగ్గర పని చేస్తే అక్కడి చట్టం ప్రకారం తప్పు.

విజిట్ వీసా మీద పోతే ఏమవుతుంది?

ఒక సంగతి అనుకుందాం. ఒకామె దుబాయిలో ఇంటి పనికి పోవాలనుకుంది. సంఘంలో లోన్ తీసుకుంది. కమ్మలు కుదువ పెట్టింది. ఏజెంటు వీసా తెచ్చాడు.

"ఇది విజిట్ వీసా అక్కా. అక్కడ దిగినంక పని వీసా చేపిస్తా. ఇక్కడ ఎవరన్నా అడిగితే చుట్టాన్ని చూడ పోతున్న అని చెప్పు" అన్నాడు.

ఆమె పోయింది. 60 రోజులు గడిచాయి. వీసా మారలేదు. యజమాని జీతం సరిగా ఇవ్వలేదు. ఫిర్యాదు చేద్దామంటే భయం. ఎందుకంటే కాగితం మీద ఆమె పనిమనిషి కాదు, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. ఆ దేశం లెక్కలో ఆమె పని చేయడమే తప్పు. గడువు దాటి ఉండటం ఇంకో తప్పు.

దుబాయిలో గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. మన లెక్కలో వెయ్యి రూపాయలకు పైనే. 100 రోజులు దాటితే లక్ష రూపాయలకు పైన అవుతుంది. అది కడితేగాని బయటపడటం కష్టం. ఇట్లా కాగితం లేకుండా దాక్కొని బతికేవాళ్లను మన గల్ఫ్ కూలీలు "ఖల్లివెల్లి" అంటారు.

అప్పుడప్పుడు ఆ దేశాలు క్షమాభిక్ష ఇస్తాయి. అంటే, జరిమానా లేకుండా ఇంటికి పోనిస్తాయి. కువైట్ 2018లో, 2020లో ఇచ్చింది. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం 2024లో సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ఇచ్చింది. అట్లా ఎంతోమంది తెలంగాణవాళ్లు ఇల్లు చేరారు. కానీ క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు? దాన్ని నమ్ముకొని పోరాదు.

మరి ఏజెంటు విజిట్ వీసా ఎందుకు తెస్తాడు? దానికి కారణం ఉంది.

ఈసీఆర్ అంటే ఏమిటి?

పదో తరగతి పాస్ కానివాళ్లలో చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అంటే "పనికి పోయే ముందు తనిఖీ చేయాలి" అని అర్థం. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఈ తనిఖీ ఉంది. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఉంది. 1983 నాటి చట్టం ప్రకారం ఆ ఆఫీసు అనుమతి ఇవ్వాలి. పని ఏమిటి, జీతం ఎంత, యజమాని ఎవరు అని చూసి అనుమతి ఇస్తారు.

ఆడవాళ్లకు ఇంకా గట్టి నియమాలు ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి పోవాలంటే 30 ఏండ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ఇంకో నియమం వచ్చింది. ఇట్లాంటి ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థలే పంపాలి, ప్రైవేటు ఏజెంట్లు పంపరాదు. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు టామ్‌కామ్. ఆఫీసు హైదరాబాదులో ఉంది.

విజిట్ వీసాకు ఈ తనిఖీ లేదు. అందుకే మోసం చేసే ఏజెంటు ఆ దారి పట్టిస్తాడు. తనిఖీ తప్పించుకుంటే ఏజెంటుకు లాభం. తనిఖీ జరిగితే మనకు లాభం.

మగవాళ్లు లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా పోవచ్చు. అతను 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. రసీదు ఇవ్వాలి. లైసెన్సు ఉందా లేదా అన్నది ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. మీసేవ కేంద్రంలో అడిగి చూపించమనండి.

తనిఖీ అయి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోతే ఈ బీమా లేదు.

అక్కడ చేరిన తర్వాత

పని వీసా మీద పోయినవాళ్లకు అక్కడ ఉండటానికి ఇంకో కార్డు ఇస్తారు. దాన్ని అఖామా అంటారు. కువైట్‌లో బతాకా అని కూడా అంటారు. అది చేయించడం యజమాని బాధ్యత. దాని తేదీ కూడా చూసుకుంటూ ఉండాలి.

సరైన వీసా ఉంటే అక్కడి చట్టం మన దిక్కు ఉంటుంది. కువైట్‌లో 2015లో ఇంటి పనివాళ్ల కోసం చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మన ఇష్టం లేకుండా యజమాని పాస్‌పోర్టు పెట్టుకోరాదు. చట్టం ఉన్నంత మాత్రాన అందరు యజమానులూ పాటించరు. కానీ కాగితం సరిగా ఉన్నామె ధైర్యంగా అడగగలదు.

కష్టం వస్తే భారత రాయబార కార్యాలయానికి పోవాలి. పాస్‌పోర్టు పోయినా, యజమాని ఇవ్వకపోయినా అక్కడ అత్యవసర పత్రం ఇస్తారు. మనవాళ్లు దాన్ని ఔట్‌పాస్ అంటారు. దానితో ఒక్కసారి ఇంటికి రావచ్చు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఏం చేయాలి?

చాలా ఇండ్లలో పోయేది భర్త, కొడుకు. అప్పు పత్రం మీద సంతకం మాత్రం మనది. మిత్తి కట్టేది మనం. కాబట్టి పైసలు ఇవ్వకముందే వీసా చూడటం మన హక్కు. "నీకేం తెలుస్తది?" అంటే, "నాకు అంకెలు తెలుసు, చూపించు" అనండి.

పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, టికెట్, ఏజెంటు ఇచ్చిన రసీదు జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి. యజమాని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. మనిషి పత్తా లేకపోతే, జబ్బు పడితే, చనిపోతే ఆఫీసర్లు మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరే. గల్ఫ్‌లో చనిపోయిన కూలీల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. దానికి కూడా కాగితాలే ఆధారం.

సలహా కోసం 1800113090 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మన దేశంలో నుంచి చేస్తే పైసలు పడవు.

గుర్తుంచుకోండి

పాస్‌పోర్టు మన దేశం ఇస్తుంది. వీసా పోయే దేశం ఇస్తుంది.
విజిట్ వీసా మీద పని చేయరాదు.
నంబరు, తేదీలు, పని, యజమాని పేరు చూడాలి.
రసీదు లేకుండా పైసలు ఇవ్వరాదు.
అన్ని కాగితాల జిరాక్స్ ఇంట్లో ఉండాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మన ఊరి నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఎంతమంది? ఏ వీసా మీద పోయారు?
2. "అక్కడ దిగినంక మార్పిస్తా" అని ఏజెంటు అంటే మీరు ఏం అడుగుతారు?
3. మీ ఇంట్లో పాస్‌పోర్టు ఉంటే బయటికి తీయండి. నంబరు, గడువు తేదీ చదవండి. మీ నోటు పుస్తకంలో మీ చేతితో రాసుకోండి.