వృద్ధులు వేడి పానీయములు పోసికొనుటకు తగిన వంటింటి ఉపకరణములు

ఇంటికి వచ్చిన వారికి ఒక గ్లాసు టీయో కాఫీయో ఇచ్చుట మన యిండ్లలో మర్యాదలకెల్ల మొదటిది. ఇంటిలోని పెద్దలు ఆ మర్యాదను తమ చేతులతోనే జరుపవలెనని కోరుదురు. అయితే వయస్సు మీరిన కొలది చేతిపట్టు తగ్గును, చూపు మందగించును, నిలుకడ చెడును. మరుగుచున్న టీ గిన్నెను పొయ్యిమీదినుండి ఎత్తి గ్లాసులో పోయుట పడుచువారికి పని అనియే తోచదు. అదియే వృద్ధులకు ప్రతిదినము ఎదురగు పరీక్ష. చేయి కాలునను భయమున కొందరు ఆ పనిని మానుకొని, ఒకరు వచ్చి పోసి ఇచ్చువరకు కూర్చుందురు. మరికొందరు మానుకొనలేక చేయి కాల్చుకొందురు. ఈ రెండు కష్టములును తగిన ఉపకరణములచే చాలవరకు తప్పింపదగినవి.

రాయపూరు నగరమందలి తెలుగువారికి ఈ విషయము ప్రత్యేకముగా ఆలోచింపదగినది. 1931లో పార్వతీపురము మీదుగా రాయపూరునకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకును రాకపోకలు సులభమయ్యెను. 1959లో సమీపముననే భిలాయి ఉక్కు కర్మాగారమున ఉత్పత్తి ఆరంభమయ్యెను. రైల్వేలోను, కర్మాగారములలోను, వ్యాపారములలోను పనులకై వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. పిల్లలు ఉద్యోగములకై దూరనగరములకు పోగా, వృద్ధ దంపతులో, వారిలో ఒక్కరో ఇంట మిగులుట ఇప్పుడు అరుదు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10.4 కోట్లమంది. వారిలో ఒంటరిగా ఉన్నవారికి ఉదయపు టీ తామే కాచుకొనగలుగుట చిన్న సంగతి కాదు.

వేడిచే కలుగు అపాయము

రాయపూరు సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచట నీరు దాదాపు 99 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. చర్మము ఓర్చుకొనగల వేడి ఇంతకంటె ఎంతో తక్కువ. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశోధించి, 49 డిగ్రీల వేడిలో చర్మము చెడుటకు తొమ్మిది పది నిమిషములు పట్టుననియు, 60 డిగ్రీల వేడిలో సుమారు 5 సెకన్లు చాలుననియు ప్రకటించిరి. అప్పుడే దింపిన టీ 60 డిగ్రీలకంటె మిక్కిలి వేడిగా ఉండును. దానికి ఒక్క క్షణము చాలును.

వృద్ధుల చర్మము పలుచబడియుండును గనుక కాలిన గాయము లోతుగా దిగును. మానుటకు ఎక్కువ కాలము పట్టును. మధుమేహమువలన స్పర్శ తగ్గినవారికి చేయి కాలుచున్నట్లు వెంటనే తెలియదు. వేడి ద్రవము ఒలికినపుడు త్వరగా వెనుకకు తొలగుటయు వారికి కష్టమే. ఆ తొట్రుపాటులో క్రిందపడి తుంటియెముక విరిగినచో, టీ ఒలికిన చిన్న ప్రమాదము నెలల తరబడి మంచము పట్టించును.

కష్టము ఎచటనున్నదో కనుగొనుట

ఉపకరణమును కొనుటకు ముందు తెలిసికొనవలసినది ఒకటి కలదు. పోయుట అనునది ఒకే పని కాదు. పట్టుకొనుట, ఎత్తుట, వంచుట, నిండినది చూచుట, నిండినదానిని తీసికొనిపోవుట అని అందు అయిదు పనులు ఇమిడియున్నవి. వృద్ధులందరును ఈ అయిదింటను కష్టపడరు. కీళ్లవాతము గలవారికి పట్టుకొనుటయు, వంచుటయు కష్టము. పక్షవాతమువలన ఒక చేయి పడిపోయినవారికి ఎత్తుట కష్టము. చేతివణుకు గలవారు ఎత్తగలరు గాని ధార గురి తప్పును. కంటిలో శుక్లములు గలవారు చక్కగా పోయగలరు గాని గ్లాసు నిండినది కానలేరు. కర్ర పట్టుకొని నడచువారు అన్నియు చేయగలరు గాని నిండిన గ్లాసును గదిలోనికి తేలేరు. ఏ పనిలో చేయి తప్పుచున్నదో ఆ పనికి తగిన సాధనమునే ఎంచుకొనవలెను. లేనిచో ఎంత వెల పెట్టి కొన్నను అది అటకమీదికే చేరును.

ఎత్తకుండ పోయు ఉపాయములు

ఒక లీటరు నీటి బరువు ఒక కిలోగ్రాము. గిన్నె బరువు కూడ చేరినచో ఇంకను హెచ్చును. పొడవైన పిడి గల గిన్నెలో ఆ బరువు మణికట్టునకు దూరముగా ఉండును. దూరము పెరిగిన కొలది మణికట్టుపై పడు భారము పెరుగును. పట్టకారుతో ఎత్తుట అన్నిటికంటె అపాయకరము. ఇచటి బజారులలో సండ్సీ అని పిలువబడు ఈ సాధనమును ఎత్తినది మొదలు దింపువరకు ఒకే బిగువున నొక్కి పట్టవలెను. వ్రేళ్లు ఒక్క నిమిషము సడలినచో గిన్నె జారును. పట్టు తగ్గినవారు పట్టకారును విడిచి, రెండు ప్రక్కల వేడెక్కని పిడులు గల గిన్నెను వాడుట మేలు.

గిన్నెను అసలు ఎత్తకుండుట అంతకంటె మేలు. ఇందుకు ప్రతి యింటను ఉన్న సాధనము గుంట గరిటె. పొయ్యిని ఆర్పి, గిన్నె ప్రక్కననే గ్లాసును ఉంచి, గరిటెతో కొంచెము కొంచెముగా పోసికొనవచ్చును. ఒకేసారి కిలోగ్రాము బరువు మోయుటకు బదులు పిడికెడు ద్రవమే చేతిలో నుండును. ఒలికినను ఒలుకునది కొంచెమే. టీ ఆకును వడకట్టు జాలిని రెండవ చేత పట్టుకొనక, గ్లాసు అంచులపై నిలుచు జాలిని ఎంచుకొన్నచో ఒక చేయి ఖాళీగా ఉండును.

ఒకరికో ఇద్దరికో మాత్రమే టీ కాచునపుడు పెద్ద గిన్నె ఎందుకు? రెండు గ్లాసులు పట్టు చిన్న గిన్నెలో కావలసినంతయే కాచుట ఖర్చు లేని ఉపాయము. విద్యుత్తు కెటిలు కొనువారు కూడ ఒక లీటరునకు మించనిదానిని, ఐ.యస్.ఐ. గుర్తు కలిగి, నీరు మరిగిన వెంటనే తనంతట ఆగిపోవుదానిని ఎంచుకొనవలెను. పీఠముమీదినుండి విడివడి వచ్చు కెటిలులో తీగ చేతికి తగులుకొను భయముండదు.

కెటిలును వంచు ఊయల చట్రము మరియొక సాధనము. తీగతోగాని రేకుతోగాని చేయబడిన ఈ చట్రములో కెటిలును కట్టి ఉంచుదురు. పిడిని కొంచెము ముందునకు వంచినచో చట్రమే కెటిలును మోయుచు ముక్కు గ్లాసువైపు దిగును. చేయి విడిచినచో తిరిగి నిలువబడును. ఒక్క చేయి మాత్రమే పనిచేయువారికి ఇది మిక్కిలి ఉపకరించును. అయితే కెటిలు కొలతకు చట్రము సరిపోవలెను. అడుగున జారని రబ్బరు కాళ్లు ఉండవలెను.

పెండ్లివిందులలో చూచు కుళాయి గల ఉక్కు పాత్రకు చిన్న రూపములు ఇండ్లకును వచ్చియున్నవి. త్రిప్పవలసిన కుళాయికంటె నొక్కిన తెరచుకొని విడిచిన మూసికొను కుళాయి కీళ్లవాతము గలవారికి మంచిది. పాత్రను గట్టు అంచున ఉంచక, చిన్న పిల్లలు లాగలేని చోట ఉంచవలెను. మూతను నొక్కినచో ధార వచ్చు ఫ్లాస్కు కూడ ఇట్టిదే. దానిని వ్రేళ్లతో గాక అరచేతితో నొక్కవచ్చును. ఉదయము ఎవరైన నీరు కాచి నింపి పోయినచో వృద్ధులు పొయ్యి వెలిగింపకయే కొన్ని గంటలవరకు పానీయము కలుపుకొనవచ్చును. అందు వేడినీటిని మాత్రమే ఉంచుట మంచిది. పాలు కలిపిన టీ గంటల తరబడి ఉన్నచో చెడిపోవును.

ధార, గ్లాసు, చూపు

ముక్కు లేని గిన్నెనుండి నెమ్మదిగా పోసినచో టీ గ్లాసులో పడక గిన్నె వెలుపలి అంచువెంట కారి చేతిపై పడుట అందరికిని అనుభవమే. దీనికి 1956లో మార్కస్ రైనర్ అను శాస్త్రజ్ఞుడు టీపాత్ర ప్రభావమని పేరిడెను. వృద్ధులు భయమున నెమ్మదిగా పోయుదురు గనుక ఇది వారికే ఎక్కువగా జరుగును. తప్పు వారి చేతిది కాదు, గిన్నె అంచుది. అంచు పలుచగా ఉండి, ముక్కు కొనదేలియున్న పాత్రలో ధార తెగి చక్కగా పడును.

ఉక్కు గ్లాసు వేడిని వెంటనే వెలుపలికి తెచ్చును. దాని మెరుపులో ద్రవము ఎంతవరకు నిండినది మసకచూపువారికి తెలియదు. పెద్ద పిడి గల పింగాణి కప్పు ఇందులకు మేలు. పాలు లేని టీకి తెల్లని లోపలి రంగును, పాలకు ముదురు రంగును ఉన్నచో మట్టము స్పష్టముగా కనబడును. చూపు బాగుగా తగ్గినవారికై మట్టమును తెలుపు చిన్న యంత్రములు కలవు. వానిని కప్పు అంచునకు తగిలించినచో ద్రవము ఆ మట్టమునకు చేరగానే శబ్దము చేయును. ఆ మట్టము తెలియుటకై వేడి కప్పులో వ్రేలు ముంచి చూచు అలవాటును మానవలెను.

కప్పు క్రింద తడిపి పిండిన గుడ్డను మడిచి పరచినచో కప్పు జారదు. అంచు గల పళ్లెములో కప్పును ఉంచి పోసినచో ఒలికినది పళ్లెములోనే నిలుచును. కప్పును చేతిలో ఎత్తి పట్టుకొని పోయరాదు, గట్టుపైననే ఉంచవలెను. చల్లార్చుటకై ఒక గ్లాసునుండి మరియొక గ్లాసులోనికి ఎత్తి తిరగబోయుట చూచుటకు ముచ్చటగా ఉండును గాని, వణకు చేతులకు తగదు. వెడల్పైన డబరాలో పోసి ఉంచినచో తనంతట చల్లారును. ముప్పాతికకు మించి నింపరాదు. వంటగట్టు దగ్గరనే ఒక కుర్చీ వేసి అచటనే త్రాగునట్లు ఏర్పాటు చేసినచో వేడి గ్లాసుతో నడువవలసిన పనియే ఉండదు.

చన్నీటితో పరీక్ష

ఏ సాధనమునైనను కొనిన వెంటనే వేడి ద్రవముతో వాడరాదు. ముందు చన్నీటితో నింపి, వృద్ధులచేతనే పది పదిహేనుసార్లు పోయించి చూడవలెను. ఉదయము కీళ్లు బిగిసియున్న వేళను, సాయంకాలము అలసియున్న వేళను కూడ పరీక్షింపవలెను. ఒలికిన చుక్కలు ఎచట పడుచున్నవో గమనించినచో తప్పు ఏ పనిలోనున్నదో తెలియును. రాయపూరు గోల్‌బజారు వంటి పాత బజారులలో కొనునపుడు వాడబోవు వృద్ధులనే వెంట తీసికొనిపోయి, పిడిని వారి చేతికిచ్చి చూడవలెను. కుమారుని చేతికి సరిపోయిన పిడి తల్లి చేతికి సరిపోదు. కడుగుట సులభమా అనునది కూడ అడుగదగిన ప్రశ్న. కడుగుటకు కష్టమగు సాధనమును ఎవరును రెండవ నెల వాడరు.

వైద్యుని సలహా

చేతివణుకు క్రొత్తగా వచ్చినను, హెచ్చినను, అది వయస్సువలననేయని ఊరకుండరాదు. ఒక గ్లాసునుండి మరియొక గ్లాసులోనికి నీరు పోయించి చూచుట వైద్యులు వణుకును పరీక్షించు పద్ధతులలో ఒకటి. ఇంటిలో టీ ఒలుకుచున్నదను సంగతి వైద్యునికి చెప్పదగిన సమాచారమే. థైరాయిడు దోషము, ఉబ్బసమునకు వాడు కొన్ని మందులు, పార్కిన్సన్ వ్యాధి మున్నగునవి వణుకునకు కారణములు కావచ్చును. వానిలో పెక్కింటికి చికిత్స కలదు. 2010-11లో ఆరంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమము జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక సేవలను, ఫిజియోథెరపీని ఏర్పరచుటకు ఉద్దేశింపబడినది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ఆరంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్రలు, వినికిడి యంత్రములు, కళ్లద్దములు, చక్రాల కుర్చీలు మొదలగువానిని ఉచితముగా ఇచ్చుటకు ఏర్పడినది. వంటింటి సాధనములు ఆ తొలి జాబితాలో లేవు. కావున వానిని సమకూర్చు బాధ్యతను కుటుంబమే వహింపవలెను.

చేయి కాలినచో

కాలిన చోటును వెంటనే చల్లని పారు నీటి క్రింద 20 నిమిషములు ఉంచవలెను. వాపు రాకముందే గాజులు, ఉంగరములు తీయవలెను. మంచుగడ్డ, పసుపు, నెయ్యి, సిరా, పండ్లపొడి ముద్ద మొదలగునవి ఏవియు పూయరాదు. బొబ్బలను చిదుపరాదు. శుభ్రమైన గుడ్డను వదులుగా కప్పవలెను. గాయము అరచేతికంటె పెద్దదైనను, ముఖముపై, చేతులపై, కీళ్లపై ఉన్నను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అంబులెన్సుకు 108కి ఫోను చేయవలెను. వృద్ధులకు గాయము చిన్నదైనను వైద్యునికి చూపుట మంచిది.

వృద్ధులను వంటింటికి దూరముగా కూర్చుండబెట్టుట రక్షణ అని పలువురు భావింతురు. అది అపాయమును తప్పించును గాని, వారి చేతిపనిని కూడ తీసివేయును. పనిలేని చేతికి పట్టు ఇంకను తగ్గును. ఒక చిన్న గిన్నె, ఒక గుంట గరిటె, ఒక తడిగుడ్డ, పెద్ద పిడి గల ఒక కప్పు, వీనితోనే చాలమంది వృద్ధులు తమ టీ తాము పోసికొనగలరు. ఇంటికి వచ్చినవారికి తమ చేతులతో ఇయ్యగలరు. అంతకు మించి కావలసినవారికి చట్రము, కుళాయి పాత్ర, శబ్దముచేయు యంత్రము ఉండనే ఉన్నవి. ఏది తగునో నిర్ణయింపవలసినది దుకాణదారుడు కాడు, పిల్లలును కారు. దానిని ప్రతిదినము పట్టుకొనవలసిన చేయియే.