బోధించేవారికి బాధ తెలిసి ఉండాలా?

ఒంటిమిట్ట: పెళ్లి కాని స్వామికి కాపురంలోని కష్టం ఏమి తెలుస్తుంది? మడక పట్టని పూజారి, చేను ఎండిపోయిన రైతుకు ఏమి ధైర్యం చెప్పగలడు? పల్లెల్లో రచ్చబండ మీద తరచు వినవచ్చే ప్రశ్నలివి.

ఇవి ఈనాటి ప్రశ్నలు కావు. ఉభయభారతి సంసార విషయాలు అడిగితే, సన్యాసి అయిన శంకరాచార్యుల వారు గడువు కోరి, పరకాయ ప్రవేశం చేసి, తెలుసుకొని వచ్చి జవాబు చెప్పారని కథ.

ఈ విషయంలో ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. ఆలయ అర్చకులు సాధారణంగా సంసారులే. బ్రహ్మంగారు కూడా గోవిందమ్మతో కాపురం చేసిన గృహస్థులే. కడపలో 1976లో ఏర్పడిన కేథలిక్ మేత్రాసనంలోని గురువులు పెళ్లి చేసుకోరు. అదే కడప కేంద్రంగా ఉన్న సి.ఎస్.ఐ. రాయలసీమ డయాసిస్‌లో పాస్టర్లు పెళ్లి చేసుకోవచ్చు.

అనుభవం విలువ ఏమిటో ఒంటిమిట్ట వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆంధ్ర వాల్మీకిగా పేరుపొందిన వావిలికొలను సుబ్బారావు (1863–1936) మొదట రెవెన్యూ శాఖలో పనిచేశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. వాల్మీకి రామాయణాన్ని తెనిగించారు. అంతటి పండితుడు వాసుదాసస్వామిగా మారి, టెంకాయచిప్ప చేతబట్టి, భిక్షమెత్తి కోదండరామాలయాన్ని బాగుచేయించారు. చెయ్యి చాచడం ఎంత కష్టమో పుస్తకాలు చదివితే తెలిసేది కాదు. అప్పు కోసం గడపగడపా తిరిగే రైతుకు అటువంటి మనిషి మాట చెవికెక్కుతుంది.

అయితే అనుభవం ఒక్కటే చాలదు. అత్త చేత బాధలు పడిన కోడలు, తాను అత్త అయినాక మెత్తబడుతుందన్న నమ్మకం లేదు. “నేను పడలేదా, నువ్వూ పడు” అనేవారు ఊరూరా ఉన్నారు. తేలుకాటుకు మందు వేసేవాడిని తేలు కుట్టి ఉండాలని ఎవరూ అడగరు. పైగా సంసారికి బాగా తెలిసింది తన సంసారమే. ఓపికగా వినే సన్యాసికి నూరు సంసారాల గోడు తెలుస్తుంది.

కనుక చూడవలసింది ఆలుబిడ్డలు ఉన్నారా అని కాదు. చెప్పేది చివరిదాకా వింటారా? విన్నది తమ కడుపులోనే దాచుకొంటారా? తెలియనిది తెలియదని ఒప్పుకొంటారా? శంకరులంతటి వారే గడువు అడగడానికి సిగ్గుపడలేదు కదా!

మొగుడు కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన ఆడకూతురికి “ఓర్చుకో తల్లీ” అని చెప్పి పంపే సంసారి కన్నా, పోలీసు స్టేషను దాకా తోడు వెళ్లే బ్రహ్మచారి మేలు. పంట పోయి, బతుకు మీద ఆశ వదులుకొన్న రైతుకు వేదాంతం తర్వాత చెప్పవచ్చు. ముందు అతన్ని ఒంటరిగా వదలక, ఇంటివారిని పిలిచి, ఆసుపత్రికి చేర్చే గురువు కావాలి. అటువంటివారు గుడిలో ఉన్నా, చర్చిలో ఉన్నా, మసీదులో ఉన్నా ఆ ఊరికి పెద్ద అండ.