పాతాళమున దిక్కెరుగు చక్రము

ఆమదాలవలస పొలములలో బోరు వేయించిన రైతు, లారీ తరలిపోయిన పిదప, ఆ రంధ్రము నిట్టనిలువుగా దిగినదనియే తలంచును. కాని ఈ ప్రాంతపు ఖొండలైటు వాలుపొరల శిల. అది తగిలినపుడు ఉలి మన కంటబడకయే ప్రక్కకు ఒరగును. నీటిబోరునకు దీనివలని నష్టము స్వల్పము. గోదావరి తీరమున కావల, 1987లో కనుగొనబడిన రవ్వ క్షేత్రము వంటి చోట్ల, ఒక్క వేదికమీద కొద్ది మీటర్ల ఎడముతో నోళ్లు తెరచిన నూనెబావులు తలకొక దిక్కునకు వంగి వేల మీటర్లు సాగును. అచ్చట ఒక ఉలి పొరుగుబావి ఉక్కుగొట్టమును ఛేదించెనేని, లోపలి వాయువు మహాపీడనముతో పైకి తన్నును. కారణము వేరైనను, 1995 జనవరిలో పాశర్లపూడి బావినుండి ఎగసి రెండు నెలలకు పైగా మండిన జ్వాలను ఎరిగిన ఆంధ్రులకు ఆ భీకరత్వమును వర్ణింప నక్కరలేదు.

భూగర్భమున దారి యెరుగుటకు మానవుడు తొలుత ఒక గాజుసీసాను నమ్మెను. అందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము పోసి దింపినచో, అది తన మట్టమును గాజుపై గీతగా కొరికి చూపును. ఆ గీతవలన వాలు తెలియును, దిక్కు తెలియదు. 1920ల దశకమున ఓక్లహామాలోని సెమినోల్ క్షేత్రమున, నిలువుగా నున్నవని నమ్మిన బావులే ఒండొంటిని తాకుచున్నవని తేలినది. ఉక్కుగొట్టముల నడుమ సూదంటురాతి సూది భ్రమించును గనుక, 1929లో ఏర్పడిన స్పెర్రీ-సన్ సంస్థ గైరోస్కోపు అను తిరుగుచక్రమును బావిలోనికి దింపినది.

ఆ చక్రము అంతకు పూర్వమే, 1852లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో చేతిలో రూపుదాల్చినది. వేగముగా తిరుగు చక్రపు ఇరుసు బొంగరమువలె తన దిక్కును విడువదు. దాని నాధారము చేసికొని భూభ్రమణమును కన్నులకు కట్టించుటయే ఆయన సంకల్పము. బావిలో మాత్రము అది చిరకాలము, పైన చూపిన దిక్కును జ్ఞప్తియందుంచుకొను పనియే చేసినది. ఆ జ్ఞాపకము కాలము గడచుకొలది తప్పుదారి పట్టుచుండెడిది. తరువాతి తరపు గైరో భూభ్రమణమునే పసిగట్టి ఉత్తరమును స్వయముగా వెదకికొనినది. పుట్టినప్పటి ప్రయోజనమును ఆ యంత్రము పాతాళమున మరల చేపట్టుట నాకెంతయు ముచ్చట గొలుపును.

ఇందు మన నేలకొక భాగ్యము కలదు. గంటకు 15 డిగ్రీలు తిరుగు భూమి వేగములో ఉత్తరము నెరుగుటకు పనికివచ్చు క్షితిజభాగము, 18 డిగ్రీలు దాటిన ఆమదాలవలస అక్షాంశమున 14 డిగ్రీలకు పైగా నుండగా, ఉత్తరసముద్రమున, 60వ అక్షాంశముకడ, ఏడున్నరయే.

అయినను దోషము మిగులును. దిక్కున ఒక్క డిగ్రీ తప్పినచో, 3000 మీటర్లు ప్రక్కకు సాగిన బావి 52 మీటర్లు తొలగును. కొలతలు పెంచినచో తప్పులు తమలో తాము చెల్లిపోవునను ఊరటను 1981లో వుల్ఫ్, డి వార్ట్ అను నిరువురు తొలగించిరి. పెక్కు దోషములు ఒకే వైపునకు లాగుచు కుప్పపడునని వారు చూపిరి. నాటినుండి బావిని సన్నని గీతగా గాక, లోతుతోపాటు ఉబ్బుచుపోవు దీర్ఘవృత్తముల వరుసగా లెక్కింప నారంభించిరి. రెండు బావుల వృత్తములు ఒకదానినొకటి సమీపించినచో తొలుచుట నిలిపి, గైరోను మరల దింపి, దిక్కును క్రొత్తగా అడుగుదురు.