టీవీలో అవ్వ ఊరు

మా అవ్వది చిత్తూరు దగ్గర పల్లె. చెన్నైలో మా ఇంట్లో కూర్చుని ఊరి గంగ జాతర వీడియో చూడాలని ఆశ. ఫోను తెర కంటికి ఆనదు. టీవీకి పంపితే బొమ్మ ఆగి ఆగి వచ్చింది. "చాల్లే తల్లీ, ఆపేయ్" అని లేచిపోయింది.

నాకు మనసొప్పలేదు. ఒక్కొక్కటే చూశాను. ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలి, ఉన్నాయి. రూటరేమో ఇనుప బీరువా వెనకాల! ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. బయటికి తీశాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కిళ్ళ వైఫైలన్నీ కిక్కిరిసి ఉంటాయి. 5లో వేగం ఎక్కువ, గోడలు దాటితే మాత్రం తగ్గిపోతుంది. మా టీవీ, రూటరు ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి రెండిటినీ 5కి మార్చాను.

అవ్వని మళ్ళీ పిలిచాను. "అదిగో మా వీధి!" అంది. బొమ్మ ఆగలేదు.

మీ ఇంట్లో ఆగితే, ముందు రూటరు ఎక్కడుందో చూడండి.