పాత జీపు కొనదలచిన రైతునకు

పాత జీపు కొనవచ్చునా, కొన్నచో నిలుచునా యని రైతు సోదరులు కొందఱు తఱచుగా అడుగుచున్నారు. ప్రశ్న సహేతుకమైనదే. కోనసీమ లంకలలోని యిసుక బాటలు, కర్నూలు ప్రాంతపు నల్లరేగడి డొంకలు, పాడేరు కొండలలోని రాళ్ల దారులు వానకాలమున మామూలు కారునకు లొంగునవి కావు. క్రొత్త జీపు వెల సామాన్య రైతునకు అందదు. అందుచే చేతులు మాఱిన బండిపై దృష్టి పోవుట సహజము. అయితే ఒక్క మాట మొదటనే చెప్పవలసియున్నది. అమ్మువానికిచ్చు సొమ్ము పాత జీపు వెలలో ఒక భాగము మాత్రమే. రెండవ భాగమును మొదటి సంవత్సరములోనే మేస్త్రీకిని, రవాణా శాఖకును, బీమా కంపెనీకిని చెల్లింపవలసియుండును. ఈ రెండవ భాగమును లెక్కింపక కొన్నవాని యింటికి బండితోపాటు అప్పును వచ్చును.

జీపు ఎట్టి బండి?

జీపు యుద్ధమున పుట్టినది. 1940లో అమెరికా సైన్యము కోరిన మీదట బాంటం అను చిన్న కంపెనీ దీని తొలి నమూనాను చేసెను. పిమ్మట విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండవ ప్రపంచ యుద్ధము ముగియులోపల ఆఱు లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. 1945లో విల్లీసు వారు దీనినే కొంత మార్చి, పొలము పనులకు తగిన బండియని అమెరికా రైతులకు అమ్మజూపిరి. మన దేశమునకు మహీంద్రా వారు 1947లో విల్లీసు జీపులను తెచ్చిరి. తరువాత ఇచ్చటనే తయారుచేయసాగిరి. నేడు పాత బండ్ల అంగళ్లలో కనబడు ఎం.ఎం. 540, కమాండరు, మేజరు ఆ వంశమునకు చెందినవే. 2010లో వచ్చిన థార్ కూడ ఆ కోవలోనిదే. 1985లో వచ్చిన మారుతి జిప్సీ పెట్రోలు బండి, తేలికైనది.

ఈ బండ్ల విశేషమేమన, చిన్న లివరు నొకదానిని వేసినపుడు ఎంజను బలము వెనుక చక్రములకే గాక ముందు చక్రములకును అందును. దానితోపాటు లో గేరు ఒకటి యుండును. అది వేగమును తగ్గించి లాగుడును పెంచును. అయితే జీపు ఆకారము గలవన్నియు నిట్టివి కావు. కమాండరు, మేజరు, బొలేరోలలో వెనుక చక్రములతో మాత్రమే నడచునవి అనేకములు కలవు. గేరు లివరు ప్రక్కన వేఱు లివరున్నదా, ముందు ఇరుసు నడుమ వెనుక ఇరుసునకున్నట్లే గుండ్రని గేర్ల పెట్టె యున్నదా యని వంగి చూచినచో సంగతి తెలియును. ఆ పెట్టె లేని బండికి నాలుగు చక్రముల బండి వెల ఇయ్యరాదు.

మొదట అవసరమును తూచుకొనుడు

సంవత్సరమున ఎన్ని దినములు మీ దారి మామూలు బండికి మూసికొనిపోవునో పంచాంగము ముందిడుకొని లెక్కింపుడు. పది పదునైదు దినములే యైనచో, ఆ దినములకు ట్రాక్టరును అద్దెకు దెచ్చుకొనుట చౌక. రెండు మూడు నెలలపాటు కూరగాయలో, పాలో ప్రతిదినము బురద దాటి అంగడికి చేరవలసినవానికి జీపు ఉపయోగించును.

జీపు ట్రాక్టరు కాదని గూడ గుర్తుంచుకొనవలెను. దానితో దమ్ము చేయుట సాగదు. తడిసిన రేగడి చేనిలో దానిని త్రిప్పినచో చక్రముల క్రింది మన్ను గట్టిపడి, నీరింకక, పైరు వేళ్లు దిగక, ఆ చాళ్లలో దిగుబడి తగ్గును. బండిని గట్ల వెంబడి దారిమీదనే నడుపుట మేలు.

ఎద్దును చూచినట్లు చూడవలెను

సంతలో ఎద్దును కొనువాడు రంగు చూచి డబ్బు చెల్లింపడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. జీపు విషయమున క్రొత్త రంగే ఎక్కువ అనుమానింపదగినది. రంగు క్రింద తుప్పు దాగియుండును.

మొదట చాసిస్ చూడుడు. బండి క్రింద పండుకొని చిన్న సుత్తితో మెల్లగా తట్టినచో మంచి యినుము గణగణలాడును. తుప్పు తిన్నది బొద్దుగా పలుకును. కమాను కట్టలు చాసిస్‌ను పట్టుకొను చోట్లను, స్టీరింగు పెట్టెను బిగించిన చోటును మిక్కిలి శ్రద్ధగా పరీక్షింపవలెను. అచ్చట పగుళ్లో అతుకులో ఉన్నచో ఆ బండిని విడిచిపెట్టుడు. సముద్రతీరపు బండ్లలో తుప్పు భయము హెచ్చు.

ఎంజనును చల్లగా నున్నపుడే స్టార్టు చేయించవలెను. మీరు పోవునప్పటికే బానెట్టు వేడిగా నున్నచో మరునాడు రమ్మన్నను నష్టము లేదు. వేడెక్కిన పిదపను నీలిపొగ వచ్చుచున్నచో ఎంజను ఆయిలు మండుచున్నదని తెలియవలెను. నల్లపొగ డీజిలు సరిగా మండలేదనుటకు గుర్తు. తెల్లపొగ విడువకున్నచో రేడియేటరు నీరు లోనికి దిగుచున్నదేమో చూడవలెను. ఎంజను నడచుచుండగా ఆయిలు పోయు మూత తీసినచో ఆవిరి బుసబుస వచ్చుట పిస్టను రింగులు అరిగినవనుటకు సూచన. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో నీరు చేరినది. ఇట్టి ఎంజనును విప్పక తప్పదు.

ముందు చక్రములకు బలము నిజముగా చేరుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. సమతలమున బండిని నిలిపి, ఎంజను ఆపి, వెనుక చక్రములకు ఇరువైపుల రాళ్లు పెట్టి, ముందు చక్రమొకదానిని జాకీతో లేపుడు. చిన్న లివరును నాలుగు చక్రముల స్థానమునకు వేసి, చక్రముల బొడ్డుకు తాళపు హబ్బులున్నచో వానిని బిగించి, లేపిన చక్రమును చేతితో త్రిప్పుడు. అది తిరుగక బిగిసియుండవలెను. స్వేచ్ఛగా తిరిగినచో లోపల ఏదో తెగినది. లేదా హబ్బు పట్టుట లేదు. లివరును మామూలు స్థానమునకు త్రిప్పినపుడు అదే చక్రము సులభముగా తిరుగవలెను. చక్రము గాలిలో నుండగానే పైన క్రింద పట్టుకొని ఊపి చూడుడు. కదలిక యున్నచో బేరింగులో, కింగ్‌పిన్నులో అరిగినవి. ఈ పని చేయుచుండగా ఎవరును బండి క్రిందకు దూరరాదు.

తరువాత మెత్తని నేలపై నాలుగు చక్రములు వేసి, లో గేరులో ముందునకు వెనుకకు నడిపింపవలెను. లివరు తనంత తాను జారి వచ్చినను, లోపల కటకట వినబడినను మరమ్మతు పెద్దదేయగును.

టైర్ల ప్రక్కన ముద్రించిన నాలుగంకెలను చదువుడు. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. నాలుగు టైర్లును ఒకే కొలతవై యుండవలెను. వేఱు కొలతలున్నచో నాలుగు చక్రములు వేసినపుడు గేర్లపై ఒత్తిడి పడును.

కాగితములలో దాగిన ప్రమాదము

పాడైన ఎంజను డబ్బును మాత్రమే తినును. పాడైన కాగితము పొలమును తినగలదు. ఈ భాగమును సోదరులు రెండుసారులు చదువవలెనని కోరుచున్నాను.

చాసిస్‌పై చెక్కిన నంబరును ఆర్.సి.లోని నంబరుతో మీ కన్నులతోనే పోల్చి చూడుడు. సొంత వాడుక బండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లవరకే చెల్లును. పిదప బండిని తనిఖీకి చూపి, అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. గడువు తీరిన బండిని చౌకయని కొనువాడు ఆ ఖర్చును, ఆలస్యపు రుసుమును తన నెత్తిన వేసికొనును. ఆర్.సి.లో బ్యాంకు పేరున్నచో అప్పు తీరినట్లు ఆ బ్యాంకు ఇచ్చు పత్రమును, 35వ ఫారమును చేతబట్టుకొనక డబ్బు చెల్లింపరాదు.

పేరు మార్పునకు 29, 30 ఫారములు కావలెను. ఒకే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను తెలుపవలెనని చట్టము. పేరు మార్పక సంతకములు చేసిన ఖాళీ ఫారములతో బండిని చేతులు మార్చు ఆచారము మన పల్లెలలో కలదు. ఇది అమ్మువానికే మిక్కిలి ప్రమాదము. ప్రమాద పరిహారము చెల్లింపవలసినవాడు ఆర్.సి.లో పేరున్న యజమానియే యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బండి నాలుగు చేతులు మారినను బాధ్యత మొదటివాని మెడకు చుట్టుకొనును. కావున అమ్మువాడును కొనువాడును కలిసి రవాణా కార్యాలయమునకు పోవుటయే ఇరువురకు క్షేమము.

ఢిల్లీ ప్రాంతమున పాత డీజిలు బండ్లపై 2015 నుండి వచ్చిన ఆంక్షల వలన అచ్చటి బండ్లు చౌకగా ఇతర రాష్ట్రములకు వచ్చినవి. పొరుగు రాష్ట్రపు బండికి 28వ ఫారముపై అచ్చటి కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. మన రాష్ట్రమున మరల జీవితకాలపు పన్ను చెల్లింపవలెను. ఆ పన్నును వెలకు కలిపి చూచినచో చౌక ఎంతవఱకు నిలుచునో తెలియును. కంపెనీ చేసిన రూపును మార్చి, వెడల్పు టైర్లు తొడిగి, వేఱు ఎంజను పెట్టిన జీపులకు మోసపోకుడు. అనుమతి లేని మార్పులు చెల్లవని 2019లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది.

బీమా లేక బండిని దారిమీదికి తీయరాదు. థర్డు పార్టీ పాలసీ మాత్రమే యున్నచో, మీ సొంత బండిలో కూర్చున్నవారికి గాయములైన అది సాధారణముగా వర్తింపదు. నాట్లకు కూలీలను జీపులో నింపి తీసికొనిపోవువారు ఈ సంగతిని ఎఱుగవలెను. బోల్తాపడిన ఒక్క బండి ఆ రైతును, ఆ కూలీల కుటుంబములను గూడ కూల్చగలదు. సమగ్ర పాలసీ తీసికొనుడు, ఆర్.సి.లో వ్రాసినంత మందినే ఎక్కించుడు. సొంత వాడుక బండిని కిరాయికి త్రిప్పకుడు.

డబ్బు లెక్క

చేతిలోని సొమ్మును మూడు పాళ్లు చేసి, రెండు పాళ్లకే బేరమాడవలెను. ఉదాహరణకు 3 లక్షలున్నచో 2 లక్షల బండిని చూడుడు. మిగిలిన లక్షలో పేరు మార్పు, బీమా, బ్యాటరీ, టైర్లు, ఆయిళ్లు, బ్రేకులు, మొదటి యేటి మరమ్మతులు జరుగవలెను. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీసినవాని గతి మనకు పట్టరాదు.

విత్తనమునకు, ఎరువునకు సంఘమిచ్చిన పంట ఋణమును మాత్రము దీనికి త్రిప్పరాదు. పంట ఋణము పంటతో తీరవలసినది; జీపు పంట పండింపదు. గడువు తప్పినచో సకాలమున చెల్లించినవారికి దొరకు వడ్డీ రాయితీయును పోవును.

సంరక్షణ

కొన్న మొదటి వారముననే ఎంజను, గేరుబాక్సు, రెండు ఇరుసులలోని ఆయిళ్లను, ఫిల్టరులను, బ్రేకు ఆయిలును మార్చుడు. పాత యజమాని మాట నిజమైనను ఈ ఖర్చు వృథా కాదు. ఆ దినమునుండి చిన్న పుస్తకమున తేదీయు, కిలోమీటర్లును వ్రాసికొనుడు. పాత డీజిలు ఎంజనునకు 5,000 కిలోమీటర్లకొకసారి ఆయిలు మార్చుట మంచిది.

వారమున కొకసారి ఆయిలు, నీరు, బ్రేకు ఆయిలు, టైర్ల గాలి చూడవలెను. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలెను. నెలకొకసారి ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులకు, స్టీరింగు కీళ్లకు గ్రీజు కొట్టవలెను. రేడియేటరులో బోరు నీరు పోసినచో సున్నము పట్టి దారులు మూసికొనును. కూలెంటును మంచి నీటితో కలిపి పోయుడు. వేడి రేడియేటరు మూతను ఎన్నడును తీయకుడు.

వాగు దాటిన మరునాడు ఇరుసుల ఆయిలును చూడవలెను. తెల్లబడినచో వెంటనే మార్చవలెను. లేనిచో వేలకొలది రూపాయల గేర్లు చెడును. నీటినుండి వెలువడిన వెంటనే బ్రేకును మెల్లగా తొక్కుచు నడిపి డ్రమ్ములను ఆరనిండు. దుమ్ము కాలమున గాలి ఫిల్టరును తఱచుగా శుభ్రపఱచుడు.

ముందు చక్రముల లివరును బురదలో దిగబడిన తరువాత గాక, బురదలో దిగకముందే వేయవలెను. గట్టి తారు రోడ్డుపై దానిని తీసివేయవలెను. మలుపులలో ముందు చక్రములు పోవు దూరము వేఱు, వెనుక చక్రములు పోవు దూరము వేఱు. బురదలో చక్రములు జారి ఆ తేడా సరిపోవును. తారుపై జారలేక గేర్లు బిగిసి విఱుగును.

వేసవిలో పని లేక నిలిపిన బండిలో ఎలుకలు చేరి వైర్లు కొఱుకును. వారమున కొకసారి నడిపి, బానెట్టు ఎత్తి చూచుచుండవలెను. మృగశిర కార్తెకు ముందే బ్రేకులు, టైర్లు, వైపర్లు సరిచూచుకొన్నచో ఏరువాక నాటికి బండి పనికి సిద్ధముగా నుండును.

కొనబోవు సోదరులు తమ వెంట నమ్మకమైన మేస్త్రీ నొకనిని తీసికొనిపోయి అతని కూలి చెల్లింపుడు. అమ్మువాని తరఫు మేస్త్రీ మాటపై బేరము ముగింపకుడు. పేరు మార్పు, బీమా ముగియువఱకు బండిని దారిమీదికి తీయకుడు. ఇంత ఓపిక లేనివారు ఈ యేటికి అద్దె ట్రాక్టరుతో సరిపెట్టుకొనుట మేలు.